దప్పికకు ముందే తెలిసికొనవలసిన జబ్బు

విజయవాడనుండి బందరునకు పోవు మార్గమున వెలసిన ఉయ్యూరునకు తెలుగునాట రెండింటివలన పేరు కలదు. మాఘమాసమున పదునైదు దినములు సాగు వీరమ్మతల్లి తిరునాళ్ళు మొదటిది. పంచదార కర్మాగారము రెండవది. వెలగపూడి రామకృష్ణగారు 1941లో నెలకొల్పిన కె.సి.పి. సంస్థ చరిత్ర ఈ కర్మాగారముతోనే మొదలైనది. చెరకు ఆడు కాలమున బారులు తీరిన బండ్లును, ట్రాక్టర్లును, కాగుచున్న రసపు వాసనయు ఇచ్చటివారికి పసితనమునుండి పరిచితములు. అట్టి ఊర నేడు నలుగురు కూడినచోట "మీకెంత ఉంది? తిన్నాక ఎంత?" అను కుశలప్రశ్న వినబడుచుండగా, పంచదార పుట్టు ఊరికి షుగరు జబ్బు రాక మానునా యని నవ్వి ఊరకుండుట సులభము. కాని ఆ నవ్వులో రెండు భ్రమలు దాగియున్నవి: తీపి తినువారికే ఈ వ్యాధి వచ్చునని ఒకటి, వచ్చినచో ఒళ్ళే చెప్పునని రెండవది. మొదటిదానివలన మనము తీపి మానివేసి తక్కిన భోజనమును మరచుచున్నాము. రెండవదానివలన ఏండ్ల తరబడి కాలము పోగొట్టుకొనుచున్నాము. మధుమేహమున ఒళ్ళు చెప్పు మాట ఆలస్యముగా వినవచ్చును. దానికి చాల ముందుగా పలుకు సాక్షులు వేరే కలరు.

ఈ ఆలస్యమునకు కారణము వ్యాధి నడచు తీరులోనే యున్నది. మనము తిన్న అన్నము జీర్ణమై, గ్లూకోజు అను చక్కెరయై రక్తమున చేరును. దానిని రక్తమునుండి కండరములలోనికి పంపుటకు ఇన్సులిను అను రసము కావలెను. దానిని జఠరము వెనుకనున్న క్లోమగ్రంథి స్రవించును. డెల్టా రైతునకు ఇది విప్పి చెప్పనక్కరలేదు: కాలువ నిండుగా పారుచున్నను, తూము తెరచుకొననిచో చేను బీటలు వారుచునే యుండును, కాలువ గట్టు తెగుటకు సిద్ధముగనే యుండును. మధుమేహరోగి శరీరస్థితియు అట్టిదే. రక్తమున చక్కెర పొర్లుచుండగా కండరములు ఆకలిగొనియుండును. పెద్దలలో సాధారణముగా వచ్చు రెండవ రకపు మధుమేహమున, మొదట శరీరము ఇన్సులిను మాట వినుట మానును. క్లోమము పట్టుదలతో మరింత ఇన్సులిను స్రవించి కొన్నియేండ్లు నెట్టుకొనివచ్చును. తుదకు అదియు అలసిపోవును. ఈ కొన్నియేండ్లలో రోగికి బాధ యేమియు తోచదు.

ఇక దప్పిక, అతిమూత్రము ఎప్పుడు తలయెత్తునో చూడుడు. ఆరోగ్యవంతమైన మూత్రపిండములు చక్కెరను వృథా పోనీయవు. వడకట్టిన ప్రతి కణమును తిరిగి రక్తమునకే చేర్చును. అయితే రక్తమున నూరు మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు మించినచో వాటికి శక్తి చాలక, చక్కెర మూత్రమున దిగును. తనతో నీటిని గుంజుకొనిపోవును. అందువలన మాటిమాటికి మూత్రము, అందువలన తీరని దాహము. పరగడుపున 126 చేరినప్పుడే వైద్యశాస్త్రము మధుమేహమని పేరు పెట్టుచుండగా, ఒళ్ళు మొరపెట్టుటకు 180 దాటవలసియున్నది! ఈ రెండు అంకెల నడుమ మౌనముగా గడచిపోవు కాలమున కన్నులలోని సన్నని నెత్తురునాళములును, మూత్రపిండములును, పాదముల నరములును క్రమక్రమముగా దెబ్బతినుచుండును. పూర్వము చేయు మూత్రపరీక్షపై నేడు ఆధారపడకుండుటకును ఇదియే హేతువు.

అట్లని ఒంటి సూచనలను అలక్ష్యము చేయుమని కాదు. చరకసంహిత ప్రమేహమునకు పూర్వరూపములను చెప్పుచు నోరు తియ్యగా ఉండుట, అరచేతులు అరికాళ్ళు మండుట, తిమ్మిరెక్కుట, దప్పిక, మూత్రమునకు చీమలు పట్టుట మొదలగువానిని పేర్కొన్నది. రక్తపరీక్ష లేని యుగమున కేవలము కంటిచూపుతో గ్రహించిన ఆ పట్టికకు నేటి వైద్యుడు చేర్చునవి కొన్ని కలవు. రాత్రివేళ రెండు మూడు మార్లు మూత్రమునకు లేవవలసివచ్చుట, కడుపునిండ తినుచున్నను బరువు తగ్గుట, మధ్యాహ్నమునకే నీరసము క్రమ్ముట, కంటిచూపు ఒకనాడు మసకగా, ఒకనాడు తేటగా ఉండుట, సెగగడ్డలు మాటిమాటికి లేచుట, జననాంగములయొద్ద దురద తగ్గి మరల వచ్చుట, చిగుళ్ళు వాచుట. కోతకోసిన చేలో నడచునపుడు కొయ్యకాలు గ్రుచ్చుకొని ఏర్పడిన చిన్న పుండు పక్షము గడచినను మానకున్నచో, దానికి పసుపు పూసి ఊరకుండక ఆనాడే రక్తము చూపించుకొనవలెను. కొందరు ఎండకాలమని దప్పికను, పనియొత్తిడియని నీరసమును, వయసని చూపు మసకను సరిపెట్టుకొందురు. ఒళ్ళు తగ్గినదని సంతోషించువారును కలరు. ఒక్కొక్కటిగా చూచిన ప్రతిదానికి ఒక సాకు దొరకును. రెండు మూడు కలసివచ్చినపుడు మాత్రము సాకు వెదకరాదు.

పిల్లలలో వచ్చు మొదటి రకపు మధుమేహము నడక వేరు. అది ఏండ్లు కాదు, వారములలోనే బయటపడును. పక్క తడుపుట మానిన బిడ్డ మరల తడుపుచున్నచో, కుండెడు నీళ్ళు త్రాగుచు చిక్కిపోవుచున్నచో వెంటనే పరీక్ష చేయింపవలెను. దానికి తోడు వాంతులు, కడుపునొప్పి, ఎగఊపిరి, ఊపిరిలో పండువాసన కనబడినచో అది గంటలలో ప్రాణముమీదికి వచ్చు స్థితి. ఆసుపత్రికి తప్ప మరియెచ్చటికిని కొనిపోరాదు. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులినును కనుగొని, 1922 జనవరిలో పదునాలుగేండ్ల బాలునకు దానిని తొలిసారి యిచ్చువరకు ఈ రకపు రోగము సోకిన బిడ్డ బ్రదుకుట లేదు. బాంటింగు పుట్టిన నవంబరు 14వ తేదీనే లోకము నేడు మధుమేహదినముగా పాటించుచున్నది.

మౌనముగా నుండు ఈ వ్యాధి మన చుట్టుపట్ల ఎంత పాతుకొన్నదో తెలుపు లెక్కలు కలవు. 1989లో ప్రచురితమైన ఏలూరు సర్వే, తమకు మధుమేహమున్నదని యెరిగిన గ్రామీణులను లెక్కించినది. వారు నూటికి ఇద్దరికి లోపుగనే తేలిరి. 2006లో ప్రచురితమైన మరియొక పరిశీలన గోదావరి జిల్లాలలోని 20 గ్రామములలో ముప్పదియేండ్లు నిండినవారి రక్తమును పరీక్షించి చూచినది; సుమారు 13 శాతమునకు వ్యాధి కనబడినది, అందులో దాదాపు సగముమందికి ఆ సంగతి అంతవరకు తెలియదు. ఈ రెండు లెక్కలను ఒకే త్రాసున తూచరాదు. మొదటిది అడిగి తెలిసికొన్నది, రెండవది రక్తము తీసి చూచినది, వయసులును వేరు. అయినను అడిగినపుడు దొరకనివారు రక్తము తీసినపుడు దొరకుదురను సత్యము మాత్రము ఇందు స్పష్టము. దేశమంతట జరిపి 2023లో వెల్లడించిన ఐ.సి.ఎం.ఆర్. వారి అధ్యయనము ప్రకారము భారతదేశమున 10 కోట్ల పైచిలుకు జనులకు మధుమేహము కలదు. దాని వాకిట నిలిచిన పూర్వమధుమేహులు 13 కోట్లకు మించియున్నారు.

వాకిట నిలిచినవారిని గుర్తించునది ఎట్లు? ఇచ్చటనే ముందు చెప్పిన సాక్షులు అవసరమగుదురు. వారిలో మొదటిది దర్జీవాని టేపు. మనవారి శరీరతత్త్వము విచిత్రమైనది. చేతులు కాళ్ళు సన్నగా నుండి, కొవ్వంతయు పొట్టలో చేరును. పుణెలోని డాక్టర్ సి. ఎస్. యాజ్ఞిక్ గారు మన పసికందులు సైతము తక్కువ బరువుతో పుట్టుచునే ఎక్కువ కొవ్వుతో పుట్టుచున్నారని చూపిరి. కనుక బరువు యంత్రము సరేయనినను టేపు సరేయనకపోవచ్చును. కొలుచుటలోనే మోసము కలదు: మగవారు పొట్ట క్రిందికి జార్చి కట్టుకొను ప్యాంటు కొలతను తమ నడుము కొలతయని చెప్పుదురు. తిన్నగా నిలుచుండి, చివరి ప్రక్కటెముకకును తుంటి యెముకకును నడుమ టేపు చుట్టి, మామూలుగా ఊపిరి విడిచినపుడు చదువవలెను. పురుషులకు 90 సెంటీమీటర్లు, అనగా ముప్పదియైదున్నర అంగుళములు; స్త్రీలకు 80, అనగా ముప్పదియొకటిన్నర. అది దాటినచో హెచ్చరికయే.

చెన్నైలోని మద్రాసు డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు 2005లో ప్రకటించిన ఒక లెక్క సామాన్యుడు ఇంటనే వేసికొనదగినది. వయసు 35 నుండి 49 వరకు 20 మార్కులు, 50 దాటిన 30. నడుము పురుషులకు 90 నుండి 99 సెంటీమీటర్ల వరకు, స్త్రీలకు 80 నుండి 89 వరకు 10. అంతకు మించిన 20. తల్లిదండ్రులలో ఒకరికి వ్యాధియున్న 10, ఇద్దరికి ఉన్న 20. వ్యాయామము గాని కాయకష్టము గాని ఏదో ఒకటి మాత్రమే యున్న 20, రెండును లేకున్న 30. ఉయ్యూరు సెంటరులో కొట్టు నడుపుకొను 52 ఏండ్ల గృహస్థునొకని ఊహింతము: ప్రొద్దుటనుండి రాత్రివరకు గల్లాపెట్టె ముందే కూర్చుండును, నడుము 96, తల్లికి షుగరు కలదు. వయసునకు 30, నడుమునకు 10, కూర్చుండుటకు 30, తల్లివలన 10, మొత్తము 80. అరువది చేరిననే అపాయము మెండని ఆ లెక్క చెప్పుచున్నది. ఆయనకు దాహము లేదు, నీరసము లేదు, పుండు లేదు. అయినను రేపటి ఉదయమే రక్తము చూపించుకొనవలసినవాడు ఆయనయే.

మరికొందరు సాక్షులు కలరు. మెడ వెనుకను చంకలలోను చర్మము దళసరియై నల్లబడుట ఇన్సులిను మాట చెల్లకుండుటకు గుర్తు. ఎంత నలుగు పెట్టి రుద్దినను అది పోదు. గర్భవతిగా ఉన్నపుడు చక్కెర పెరిగి, కాన్పు తరువాత తగ్గిన స్త్రీ "పోయిందిలే" అని మరచిపోరాదు. ఆమె కాన్పయిన ఆరువారములకు ఒకసారి, ఆపై యేటేట పరీక్ష చేయించుకొనవలెను. రక్తపోటు గలవారును, నెలసరి క్రమము తప్పి అండాశయములలో నీటితిత్తులున్న యువతులును ఈ జాబితాలోనివారే.

పరీక్షల అంకెలు గుర్తుంచుకొనుట కష్టము కాదు. ఎనిమిది గంటలు ఏమియు తినక ఇచ్చిన రక్తమున చక్కెర 100కు లోపున్న మంచిది. 100 నుండి 125 వరకు పూర్వమధుమేహము. 126 ఆపైన మధుమేహము. 75 గ్రాముల గ్లూకోజు త్రాగిన రెండు గంటలకు 140 లోపు మంచిది. 140 నుండి 199 వరకు పూర్వస్థితి. 200 ఆపైన వ్యాధి. మూడునెలల సగటును తెలుపు హెచ్.బి.ఎ.1.సి. పరీక్షలో 5.7 లోపు మంచిది, 6.5 ఆపైన వ్యాధి; రక్తహీనత ఉన్నవారిలో ఈ మూడవ పరీక్ష తప్పుదారి పట్టింపవచ్చును. బాధలు లేనివారికి ఒక్కసారి హెచ్చుగా వచ్చినంతనే ముద్ర వేయక, మరల చేయించి నిర్ధారింపవలెను. పరగడుపున ఒక్కటే చూపించుకొని నిశ్చింతగా ఉండుటయు మంచిది కాదు. మనవారిలో అనేకులకు మొదట చెడునది తిన్న తరువాతి అంకెయే.

కృష్ణాడెల్టాలో ఈ వ్యాధి ఇంతగా ప్రబలుటకు పంచదార మిల్లును నిందించి లాభము లేదు. బెజవాడవద్ద 1855లో ఆనకట్ట, దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి ఏర్పడి ఈ సీమను వరిచేలతో నింపినవి; ఆనాడు అన్నము తిన్న రైతు ఆ అన్నమును చేలోనే ఖర్చుపెట్టెడివాడు. నేడు దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రము, గట్టువరకు పోవుటకు మోటారుసైకిలు వచ్చినవి. బియ్యము మిల్లులో పలుమార్లు పాలిషు పట్టి తవుడంతయు పోగొట్టుకొని తెల్లబడినది. మనిషి కదలిక తగ్గినది గాని కంచములోని రాశి తగ్గలేదు. కష్టము తొలగినందుకు విచారింపనక్కరలేదు. కాని ఒళ్ళు చేయు పని పోయినపుడు దానికి బదులుగా ఏదో ఒకటి మనమే కల్పించుకొనవలెను.

అట్లు కల్పించుకొన్నచో ఫలితముండునా? ఉండునని మన పొరుగుననే రుజువైనది. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందము పూర్వమధుమేహస్థితిలో ఉన్న 531 మందిని సుమారు మూడేండ్లు గమనించి 2006లో ఫలితములను ప్రకటించినది. మామూలుగా వదలివేసినవారిలో నూటికి 55 మందికి మధుమేహము రాగా, ఆహారమును సవరించుకొని దినమునకు అరగంట నడచినవారిలో 39 మందికే వచ్చినది. వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గకపోయినను ఈ మేలు కలిగినది. అమెరికాలో జరిపి 2002లో ఫలితములను ప్రకటించిన పెద్ద ప్రయోగమున, బరువులో 7 శాతము తగ్గుటయు వారమునకు 150 నిమిషముల కదలికయు లక్ష్యముగా పెట్టుకొన్నవారికి ముప్పు 58 శాతము తగ్గినది. మందు బిళ్ళవలన తగ్గినది 31 శాతము మాత్రమే.

ఇక భోజనము సంగతి. మన వడ్డనలో ప్రతి వ్యంజనమునకు వేరువేరుగా అన్నము కావలెను: పప్పునకు ఒక వాయి, కూరకు ఒక వాయి, పులుసునకు, తుదకు పెరుగునకు. నాలుగుమార్లు మారు వడ్డించుకొన్న అన్నమెంతయో తినువానికే తెలియదు. కనుక అన్నమును మొదటనే ఒకసారి కొలిచి పెట్టుకొని, మరల మారడుగకుండుట మొదటి నియమము. కంచములో సగము కూరలును ఆకుకూరలును, పాతిక పప్పు, గ్రుడ్డు, చేప వంటివి, తక్కిన పాతిక అన్నము. కూరయు పప్పును ముందు తిని అన్నమును వెనుకకు నెట్టినచో రక్తమున చక్కెర ఒక్కుమ్మడిగా ఎగబ్రాకదు. సార్వా వరి కోసిన చేలలో మినుము, పెసర చల్లు సీమ మనది. పొట్టు తీయని పెసలతో వేసిన పెసరట్టు ఉత్తమమైన ఉపాహారము, దాని కడుపున ఉప్మా కూరనంతవరకు. టీ సంగతియు లెక్కకట్టుడు: కప్పునకు రెండు చెంచాలు వేసి దినమునకు నాలుగు కప్పులు త్రాగువాడు నెలకు కిలోకు పైగా పంచదారను తెలియకయే మ్రింగుచున్నాడు. బందరు లడ్డు పండుగనాడు ఒకటి తిన్నవానికంటె ఇతనికే ముప్పు హెచ్చు.

నడకకు ఉయ్యూరున చోటు కరవు లేదు. కాలువగట్టు కలదు, కళాశాల మైదానము కలదు. మాట్లాడగలిగి పాడలేనంత వేగమున అరగంట నడచుట, రాత్రి భోజనమైన వెంటనే టీవీ ముందు కూలబడక పది నిమిషములు వీధిలో తిరుగుట, వారమునకు రెండుమార్లయినను కండరములకు బలము చేకూర్చు పని చేయుట చాలును. సుశ్రుతుడు పేదవాడైన ప్రమేహరోగిని నూరు యోజనములు నడువుమనియు, బావి త్రవ్వుమనియు విధించెను. ఆయన ఉపదేశమున చెప్పులు లేకుండ నడువుమన్న భాగమును మాత్రము నేటి వైద్యులు ఒప్పుకొనరు. తిమ్మిరెక్కిన పాదమునకు చెప్పే రక్ష. పొగత్రాగుట మానుటయు, రాత్రి ఏడుగంటల నిద్రయు ఈ నియమములలోనివే.

కొన్ని అపోహలను తొలగించుకొనుట అవసరము. పంచదార మాని బెల్లము వాడినచో దోషము లేదనుట వట్టిమాట. రెండును ఒకే చెరకు బిడ్డలు, రక్తమున చేరిన తరువాత రెండింటి నడవడియు ఒక్కటే. మధ్యాహ్నము పళ్ళెమునిండ అన్నము తిని, రాత్రి నాలుగు చపాతీలు తిన్నంతమాత్రమున పథ్యమైనట్లు కాదు, గోధుమయు పిండిపదార్థమే. కాకరకాయ, మెంతులు, నేరేడు గింజల పొడి ఆహారములో భాగముగా ఉన్న తప్పులేదు. కాని వానిని నమ్మి వైద్యుడిచ్చిన బిళ్ళలను ఆపినవారు తరువాత కన్నులకు, కాళ్ళకు మూల్యము చెల్లింతురు. "మందు మొదలుపెడితే జీవితాంతం వాడాలి" అను భయముతో పరీక్షకే పోనివారు మరికొందరు. నిజమునకు తొందరగా కనుగొన్నవారికే మందు తక్కువతో గడచు అవకాశము హెచ్చు.

ఇల్లు తగులబడునపుడు బావి త్రవ్వనారంభించుట మనకు తెలియని సామెత కాదు. ముప్పదియేండ్లు నిండినవారికి రక్తపోటును, చక్కెరను ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా చూచుచున్నారు. మీ వీధికి వచ్చు ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడిగిన చాలును. పాఠకులారా, ఈ పత్రికను మడిచి పెట్టుటకు ముందు ఇంటిలోని టేపు తీసి మీ నడుమును, మీ యింటివారి నడుములను కొలువుడు, మార్కులు కూడుడు. అరువది చేరినవారు ఒంటిలో ఏ బాధయు లేదని ఆగక, ఈ వారమే పరగడుపున రక్తమిచ్చి రండు.